మూసీ ఒడ్డున ఒక వాననాడు

హైదరాబాదును చూడబోవువారు సాధారణముగా శీతకాలమును కోరుకొందురు. అప్పుడు ఎండ తీక్షణముగా నుండదు. బాటలు పొడిగా నుండును. గోలకొండ కోట ఎక్కినను అలసట తోపదు. నేను మాత్రము శ్రావణమాసమున, అదియును ఒంటరిగా, చేత నొక గొడుగును భుజమున నొక సంచియును తప్ప మరేమియు లేక ఆ నగరమునకు పోయితిని. తెల్లవారుజామున రైలు కాచిగూడ స్టేషను చేరునప్పటికే వాన పట్టియుండెను. రాత్రికి మరల రైలెక్కవలసి యున్నది. నగరమంతయు చూచుటకు ఒక్క దినము చాలదు గనుక మూసీనది కిరుప్రక్కల నున్న పాతనగరమును మాత్రము చూడ నిశ్చయించుకొంటిని. ఒంటరి ప్రయాణమున నొక సౌకర్యము కలదు. ఎచ్చట నిలిచినను, ఎంతసేపు నిలిచినను ఇంకొకరి అనుమతి అక్కరలేదు. తిండి విషయమున ఈ సౌకర్యము మరింత విలువైనది.

చార్మినారును పటములందు చూడనివారుండరు. వానలో చూచినవారు కొందరే. మహమ్మదు కులీ కుతుబ్ షా 1591లో దీనిని కట్టించెను. గోలకొండ నేలిన కుతుబ్ షాహీ సుల్తానులలో అతడు అయిదవవాడు. కోటలో జనసమ్మర్దము హెచ్చి నీటికొరత యేర్పడుటచే మూసీకి దక్షిణపు గట్టున క్రొత్తనగరమును నిర్మింపదలచెనని చరిత్రకారులు చెప్పుదురు. నీటిని వెదకుకొనుచు వచ్చిన నగరమిది! ఈ మాటను బాలబాలికలు మనసున నుంచుకొనవలెను. ఆ నీటి కథ మున్ముందు మరల వచ్చును.

రాతితోను గచ్చుతోను కట్టిన ఆ కట్టడము ఎండకాలమున వెలిసిపోయినట్లు కనబడును. తడిసినప్పుడు గచ్చులోని పూలును లతలును ఒక్కొక్కటియే పైకి తేలివచ్చును. మీనారుల కొనలు మబ్బులో సగము కలిసిపోయి యుండెను. 1889లో అమర్చిన గడియారముల క్రింద, కమానుల గూళ్లలో, పావురములు మెడలు లోపలికి ముడుచుకొని కూర్చుండెను. వాటిని చూడగనే నాకును వెచ్చని పదార్థమేదైన పుచ్చుకొనవలెనని బుద్ధి పుట్టెను.

దగ్గరనే ఒక ఇరానీ హోటలు కలదు. పూర్వము ఇరాను దేశమునుండి బొంబాయి మీదుగా వచ్చిన వర్తకులు ఇట్టి హోటళ్లను నెలకొల్పిరి. వారి చాయ్ కాచు పద్ధతి మన యిండ్లలోని పద్ధతి వంటిది కాదు. తేయాకును నీటిలో వేసి, మూతపెట్టి, సన్నని సెగపై చాలసేపు మరగనిత్తురు. పాలను వేరొక గిన్నెలో చిక్కబడువరకు కాచుదురు. అడిగినవారికి రెంటిని కప్పులోనే కలిపి యిత్తురు. దానికి తోడుగా ఉస్మానియా బిస్కట్టు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరిట దీని కాపేరు వచ్చినదందురు. తీపియు ఉప్పును ఒకదానినొకటి తరుముకొని వచ్చు ఆ రుచి నాకు మిక్కిలి నచ్చినది. రెండు తినదలచి నాలుగు తింటిని. నేను వానవైపు చూచుచు లేవబోవుచుండగా గల్లాపెట్టె దగ్గరి ముసలాయన నవ్వి, “కూర్చో బాబూ, తొందరేమున్నది? ఇంకొక చాయ్ తాగేదాకా ఈ వాన ఆగదు,” అనెను. ఆయన మాట నిజమే అయినది. రెండవ కప్పు ముగియుసరికి వాన తుంపరగా మారెను.

చార్మినారునకు పడమట లాడ్‌బజారు కలదు. ఇది గాజుల వీధి. లక్కను కుంపటి సెగపై మెత్తబరచి, బద్దగా సాగదీసి, వలయముగా వంచి, ఇంకను వేడిగా నుండగనే తళుకురాళ్లను ఒక్కొక్కటిగా అద్దుదురు. 2024లో ఈ లక్కగాజులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. వాననాడు బేరములు తక్కువ. అందుచే ఒక పనివాడు ఓపికగా నాకు తన పనిని చూపెను. లక్క చల్లారినచో రాయి పట్టదట; మరీ వేడియైనచో జారిపోవునట. ఆ రెంటికిని నడుమనున్న క్షణమును అతని వ్రేళ్లు ఎరుగును. ఇంటివారికొరకు రెండు జతల గాజులు కొని, తడవకుండ సంచి యడుగున దాచితిని.

అచ్చటికి కూతవేటు దూరమున మక్కా మసీదు కలదు. కుతుబ్ షాహీల కాలమున ఆరంభమైన ఈ మసీదు 1694లో ఔరంగజేబు కాలమున ముగిసినది. ఆసఫ్ జాహీ ప్రభువులలో పలువురి సమాధులు ఇందున్నవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సమాధి వానిలో నొకటి. విశాలమైన ఆవరణమున నిలిచిన వాననీటిలో మసీదు తలక్రిందులుగా కనబడుచుండెను. కొంతసేపు నిలిచి చూచి, ఉత్తరముగా నదివైపు నడచితిని.

సాలార్‌జంగ్ వస్తుప్రదర్శనశాల మూసీ దక్షిణపు గట్టున నున్నది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాను సేకరించిన వస్తువులే ఇందెక్కువ. ఆయన 1949లో మరణించెను. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రజలకొరకు ప్రారంభించెను. అప్పుడది సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలో నుండెను. ఇప్పటి భవనమునకు 1968లో మారెను. లోపల నున్నవాని నన్నింటిని వర్ణింపబూనుట వృథాశ్రమ. నన్ను నిలువబెట్టినవి రెండే. మొదటిది ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’. సన్నని ముసుగు వెనుక స్త్రీ ముఖము కనబడును. ముసుగును ముఖమును ఒకే పాలరాయి! తడిసిన వస్త్రము చర్మమునకు అంటుకొన్నట్లుండు ఆ ముసుగును, తడిసిన చొక్కాతో నిలిచి చూచుట నాకొక వింతగా తోచెను.

రెండవది గడియారము. గంట కొట్టు వేళ సమీపింపగనే ప్రేక్షకులందరు దానిముందు చేరుదురు. నేను పోవునప్పటికి పండ్రెండు కావచ్చినది. చిన్న తలుపు తెరచుకొని గడ్డపు బొమ్మ యొకటి వెలుపలికి వచ్చెను. బడిపిల్లలు బిగ్గరగా లెక్కపెట్టుచుండగా పండ్రెండు దెబ్బలు కొట్టి, ఏ తొందరయు లేక లోపలికి పోయెను. వజ్రవైడూర్యములను, ఏనుగుదంతపు కుర్చీలను దాటివచ్చిన జనము ఒక చిన్న బొమ్మకొరకు ఊపిరి బిగబట్టి నిలుచుట చూడదగిన దృశ్యము.

ఇక భోజనము. హైదరాబాదుకు పోయి బిరియాని తినక వచ్చినవానిని ఊరివారు ఊరక విడువరు. ఇచ్చటి కచ్చీ బిరియానికి మాంసమును ముందుగా వండరు. పెరుగు, మసాలా దినుసులు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసముపై సగము ఉడికిన బియ్యమును పరచి, మూత యంచును గోధుమపిండి ముద్దతో మూసివేయుదురు. లోపలి యావిరితోనే మాంసమును అన్నమును ఒకేసారి ఉడుకవలెను. మధ్యలో తెరచి చూచుటకు వీలులేదు గనుక వంటవాని నేర్పంతయు సెగ నెరుగుటలోనే యున్నది. వేరుసెనగ, నువ్వులు, చింతపండు చేర్చి చేసిన మిరపకాయల సాలన్ దాని ప్రక్కన నుండును. చివర ‘డబల్ కా మీఠా’ తెచ్చిరి. ఇచ్చట బ్రెడ్డును డబల్ రొట్టె యందురు. దానిని నేతిలో వేయించి, పాకమునను పాలలోను నానవేసినదే ఈ మిఠాయి. బయట వాన మరల జోరుగా కురియుచుండెను.

మధ్యాహ్నము మూడు గంటలకు నయాపూల్ వంతెనపై నిలిచితిని. అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలియు మూసీ మామూలు దినములలో మురుగునీటితో నల్లగా నుండును. ఆనాడు మాత్రము ఎఱ్ఱని క్రొత్తనీరు కొంత కనబడెను. దాని వెడల్పును, రెండు గట్టులపై నున్న హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి భవనముల ఎత్తును చూచినచో, ఇంత చిన్న నది ఏమి చేయగలదని అనిపించును.

1908 సెప్టెంబరు 28న ఈ నది నగరమును ముంచివేసినది. ఎగువను కుండపోతగా వాన కురియుటచే రెండువందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతయు ఒక్కసారిగా మూసీలో పడెను. ఒక చెరువు తెగిన దాని నీరు క్రింది చెరువును తెంచును, అది మరియొకదానిని. మూసీపై నాడున్న వంతెనలలో మూడు కొట్టుకొనిపోయెను. 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటియే దెబ్బతినియు నిలిచెను. ఇంచుమించు పదునైదువేలమంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి నేలమట్టమయ్యెను. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ యొక్కనాడే పోగొట్టుకొనెను. తానొక్కడు బ్రతికి, ఆ ప్రళయమును గూర్చి తరువాత కవిత వ్రాసెను. మహబూబ్ అలీఖాను లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారికి కానుకలు సమర్పించి వరద తగ్గవలెనని వేడుకొనెనని పాతనగరమున నేటికిని చెప్పుకొందురు. ఉదయము నేను చూచిన సమాధి ఆ ప్రభువుదే.

వంతెన దాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణములోనికి పోయితిని. అచ్చట ఒక చింతచెట్టు కలదు. వరదనాడు దానిపై కెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. చెట్టు బోదె ముడతలు పడి, ఒకవైపు కొంత తొఱ్ఱగా నుండెను. కొమ్మలు మాత్రము పచ్చగా నున్నవి. నూటయేబదిమంది ఎట్లు పట్టిరో యని తలయెత్తి చూచితిని. క్రింది కొమ్మలనున్నవారికి నీరు పాదములకు తగులుచుండగా పైవారు వారిని చేయిపట్టి లాగియుందురు. ఎవరు ఏ కులమువారో, ఏ మతమువారో ఆ చీకటిలో అడుగు తీరిక ఎవరికుండును? గత కొన్ని యేండ్లుగా సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు ఈ చెట్టు క్రింద చేరి నాటి మృతులను స్మరించుచున్నారు.

వరద తరువాత నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. అప్పు డాయన యూరపు పర్యటనలో నుండెను. 1909లో హైదరాబాదునకు వచ్చి పనికి పూనుకొనెను. వచ్చిన నీటిని పట్టణములోనికి రాకముందే పట్టి నిలుపుట ఆయన యుపాయము. అందుకై నగరమునకు ఎగువను రెండు పెద్ద జలాశయములను కట్టవలెనని సూచించెను. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ముంచవచ్చిన నీరే ఆ పిమ్మట త్రాగునీరైనది. నా తలపున ఈ నగరమున చూడదగిన కట్టడములలో చార్మినారు సరసన నిలువదగినవి ఈ రెండు ఆనకట్టలు.

అంతమాత్రమున భయము తీరినదని చెప్పుటకు వీలులేదు. 2020 జూలైలో వాననీరు వార్డులలోనికి వచ్చుటచే ఉస్మానియా ఆస్పత్రి పాతభవనమును ఖాళీ చేయవలసివచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో చెరువుకట్టలు తెగి పాతనగరపు వాడలు నీట మునిగెను, పలువురు మరణించిరి. చెరువు పొలమైనట్లును, పొలము ఇండ్లస్థలమైనట్లును కాగితములపై వ్రాసికొనవచ్చును. పల్లమెరిగిన నీటికి ఆ కాగితములతో పనిలేదు.

చీకటి పడుచుండెను. ఆస్పత్రి ద్వారము వెలుపల ప్లాస్టిక్ పట్టా క్రింద ఒక ముసలమ్మ బొగ్గులపై మక్కకంకులు కాల్చుచుండెను. ఉప్పు, కారము, నిమ్మబద్దతో రుద్ది ఒకటి నాకిచ్చెను. కాలిన గింజల వాసనయు తడిమన్ను వాసనయు కలిసి వచ్చుచుండెను. నన్ను స్టేషనునకు తీసికొనిపోవుటకు ఆటో ఆగగనే ఆమె డ్రైవరును చూచి, “బిడ్డా, గండిపేట గేట్లు ఎత్తిండ్రా?” అని అడిగెను. ఉస్మాన్‌సాగరునకు ఇచ్చటివారు పెట్టుకొన్న పేరు గండిపేట.

“ఇంకా లేదవ్వా, నిండాలె,” అనెను అతడు.

ఆమె తలయూచి, విసనకఱ్ఱతో బొగ్గులపై విసరి, ఇంకొక కంకిని నిప్పుపై పెట్టెను.