ఆసనమును మోకాలును

ధ్యానమునకు కూర్చొను సాధకునకు మొదటి విఘ్నము పలుమారు మనస్సునుండి గాక మోకాలినుండి వచ్చును. పద్మాసనమున పది నిమిషములు గడువకమునుపే కాలు మొద్దుబారును. మోకాలి లోపలివైపున పోటు పుట్టును. ఇది దేహాభిమానమేయని తలచి, పంతముతో సహించువారు కలరు. అట్టి సహనము తితిక్షయగునా కాదా యని నిర్ణయించుటకు కాలి నిర్మాణమును కొంత తెలిసికొనవలెను.

తుంటి కీలు గిన్నెలో ఇమిడిన బంతివంటిది. అది అన్ని దిక్కులకు కదలుటయే గాక, తనలో తాను తిరుగగలదు. మోకాలు అట్టిది కాదు. అది ముఖ్యముగా తలుపుబందువలె ముడుచుకొని విచ్చుకొనును. ముడిచియున్నపుడు మాత్రము కొలదిగా మెలితిరుగును. తొడయెముకకును, దాని క్రింది ఎముకకును నడుమ నెలవంక ఆకారముగల రెండు మృదులాస్థి పలకలుండి దేహభారమును పంచుచుండును.

పద్మాసనమునకు వలసిన మెలిక తుంటియందు కలుగవలెను. పిరుదులలోను, తొడల లోపలివైపునను గల కండరములు బిగిసియున్నచో తొడ వెలుపలికి తిరుగదు. అప్పుడు పాదమును చేతితో లాగి రెండవ తొడపై నుంచినచో, తుంటి ఇయ్యని మెలికను మోకాలు ఇయ్యవలసివచ్చును. లోపలి పలక నలిగి చిరుగుటకు ఇది చాలును. ఈ పలకలకు వెలుపలి అంచుననే రక్తప్రసారము కలదు; కావున లోపలి భాగమున చిరిగినది తనంత తాను మానుట అరుదు.

నొప్పి యున్నచోటనే దాని మూలముండునని తలపరాదు. కండరములలో ఏర్పడి, నొక్కినపుడు దూరమునకు బాధను పంపు బిగిముడులను ట్రిగ్గర్ పాయింట్లందురు. జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అను అమెరికా వైద్యులు 1992లో ప్రకటించిన సంపుటమున కాళ్లకు సంబంధించిన ముడులను వివరించిరి. పిరుదులోని చిన్న కండరమున ముడియున్నచో బాధ కాలి వెలుపలివైపుగా చీలమండవరకు దిగవచ్చును; పిక్క లోతునగల కండరమున నున్నచో మడమలో తోచవచ్చును. ఈ ముడుల స్వరూపమునుగూర్చి వైద్యులలో నేటికిని భిన్నాభిప్రాయములు కలవు.

మోకాలి క్రింద, వెలుపలి సన్నయెముక తలను చుట్టి ఒక నరము చర్మమునకు దగ్గరగా పోవును. మడమలపై చాలసేపు కూర్చున్నచో అది నొక్కుకొని, పాదమును పైకెత్తలేని స్థితి కలుగవచ్చును. 1971లో అమెరికా వైద్యసంఘ పత్రికయందు ఇట్టి సంగతి ప్రకటింపబడినది. కాలు చాచిన కొలది నిమిషములలో తిమ్మిరి పోయినచో భయము లేదు. తిమ్మిరి నిలిచినను, పాదము వ్రేలాడినను, మోకాలు వాచినను, చాచుటకు రాక పట్టుకొనినను వైద్యుని చూడవలెను.

కావున సాధకుడు కొన్ని నియమములు పాటించుట మేలు. మడచిన కంబళిపై కూర్చుండి, మోకాళ్లు తుంటికంటె దిగువన నుండునట్లు చూచుకొనవలెను. దినదినము కాళ్లు మార్చి మడువవలెను. వెల్లకిల పరుండి, ఒక చీలమండను రెండవ తొడపై నుంచి, ఆ తొడను మెల్లగా రొమ్మువైపు తెచ్చుకొని అర నిమిషము నిలిపినచో పిరుదు కండరములు క్రమముగా సడలును. కండరము సాగు బిగువును ఓర్చుకొనవచ్చును. కీలులోని సూదిపోటును ఓర్చుకొనరాదు. అది తోచినవెంటనే మానవలెను.

శాస్త్రమును ఇంతకంటె కఠినముగా విధింపలేదు. ఆసనము స్థిరముగను, సుఖముగను ఉండవలెనని పతంజలి చెప్పెను. వ్యాసభాష్యము పద్మాసనముతోపాటు ఆధారముతో కూర్చుండు సోపాశ్రయమును సైతము పేర్కొన్నది. గీత ఆరవ అధ్యాయము దేహమును, మెడను, శిరస్సును నిటారుగా నిలుపుమన్నది. 1896లో వెలువడిన ‘రాజయోగము’న వివేకానందస్వామియు ఎవరికి ఏ ఆసనము సులభమో దానినే ఎన్నుకొనుమనిరి.

తప్పింపరాని కష్టమును విలపింపక సహించుట తితిక్ష. తప్పింపగల గాయమును చేజేతుల తెచ్చుకొనుట తితిక్ష కాదు. ఆసనమునకు ప్రయోజనము దేహమును మరచుట. గాయపడిన మోకాలు మనస్సును దేహమునకే కట్టివైచును. కుర్చీపై వెన్ను నిలిపి కూర్చున్న వృద్ధుడు నిశ్చలచిత్తుడైనచో, ఆతనికి అదియే ఆసనము.