మే నెలాఖరులో నాగార్జునకొండకు వెళ్లొచ్చా?

ప్రశ్న: ఉప్పల్, నాచారాల్లో ఉండే స్నేహితులం ఐదుగురం. వేసవి ముగిసేలోగా ఏదైనా దీవిలో తిరిగి రావాలని ఉంది. నాగార్జునకొండ బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే మొదటి లాంచీకే వెళ్లాలి. నాగోలు, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డెక్కితే సుమారు 150 కిలోమీటర్లు. లాంచీ బయల్దేరేది ఆంధ్ర వైపున్న విజయపురి సౌత్ నుంచి. వేసవి చివర్లో నాగార్జునసాగర్ జలాశయంలో నీరు బాగా తగ్గినా, ఈదురుగాలి లేచినా లాంచీలు ఆపేస్తారు. ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం దీవిలోని మ్యూజియానికి సెలవు.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ సాగర్ నీళ్లలో మునిగింది. అంతకుముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదికి చేర్చి మళ్లీ పేర్చారు. మ్యూజియంలో శిల్పాలు చూసి చాలామంది అక్కడినుంచే వెనుదిరుగుతారు, అది నాకు బాధగా ఉంటుంది. మీరు మాత్రం స్నానఘట్టం దాకా నడవండి. అంచులు సమంగా చెక్కిన రాతిమెట్లు వరుసగా కిందికి దిగుతాయి. ఎండెక్కాక ఆ రాయి మీద అరికాలు ఆనదు, చెప్పులూ టోపీలూ మరవొద్దు. మంచినీళ్లు, మజ్జిగ మనిషికో సీసా చొప్పున మీరే తీసుకెళ్లండి.

దిగగానే తిరుగు లాంచీ వేళ అడగండి. సాయంత్రం ఓపికుంటే ఒడ్డునున్న అనుపు చూడండి. అక్కడి రంగస్థలం మెట్లమీద కూర్చుంటే మధ్యలో నిలబడి మాట్లాడేవారి మాట స్పష్టంగా వినిపిస్తుంది.