ఎల్ నినో అంటున్నారు, పత్తి గింజ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది దుమ్ముగూడెం మండలం. నాలుగెకరాల ఎర్ర చెలకలో పత్తి వేస్తాం. ఎల్ నినో వస్తే వానలుండవని టీవీలో చెబుతున్నారు. ఎక్కడో సముద్రం వేడెక్కితే మాకేమిటి? విత్తనం ఆపమంటారా?
– ఒక రైతు

జవాబు: ఆపనక్కర్లేదు, తొందర మాత్రం వద్దు. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గరి నీళ్లు కొన్నేళ్లకోసారి మామూలు కంటే వేడెక్కుతాయి. అప్పుడు మబ్బులు కట్టే చోటు తూర్పుకు జరిగి, మన నైరుతి గాలుల్లో బలం తగ్గుతుంది. అదే ఎల్ నినో. నీళ్లు చల్లబడితే లా నినా. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది లా నినా కాలంలోనే.

అలాగని ఎల్ నినో అంటే కరువు ఖాయమని కాదు. 1997లో అది బలంగా ఉన్నా దేశంలో వానలు సాధారణంగానే పడ్డాయి. ఎల్ నినో వచ్చిన 2023 సంగతి వేరు. జులై చివర గోదావరి 53 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. ఆ వెంటనే దేశం మొత్తమ్మీద 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన. నన్నడిగితే మీకు అసలు గండం ఈ వానల మధ్య ఎడమే.

తొలకరి జల్లుకే గింజ పెడితే మొలక మాడుతుంది, విత్తనం మళ్లీ కొనాలి. మీ చెలకలో 50–60 మిల్లీమీటర్లు కురిశాకే పెట్టండి. జానెడు లోతు మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి. నాలుగైదు సాళ్లకొక కంది సాలు వేయండి. జులై 20 దాటితే పత్తి మానుకోండి.

మొలక సగానికి సగం పోయిందా, సొంతంగా మందులు కొట్టకుండా మండల వ్యవసాయ అధికారికి పొలం చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551.