కదిలే ఇల్లు

పాఠ్యభాగ పరిచయం

తెలుగులో యాత్రారచనకు సుమారు రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నది. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి పెద్ద పరివారంతో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ప్రయాణ విశేషాలను ఎప్పటికప్పుడు వ్రాసి ఉంచాడు. అవి 1838లో ‘కాశీయాత్రా చరిత్ర’గా అచ్చయినాయి. వాహనాలు మారినా, ప్రయాణం మనిషికి నేర్పే పాఠాలు మారలేదు. రాజమహేంద్రవరానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 2025 వేసవిలో భార్య, కొడుకు, కోడలు, మనుమలతో కలిసి డాన్యూబ్ నదీతీరం వెంట కారవాన్‌లో చేసిన యాత్రను ఈ పాఠం వివరిస్తుంది. కొత్త దేశాలను చూడబోయి తనను తాను చూసుకున్న ఒక వృద్ధుని అనుభవం ఇందులోని ముఖ్యాంశం.

పాఠం

మా అబ్బాయి జర్మనీ దేశంలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఇంజనీరు. జూన్ నెలలో అక్కడి పిల్లలకు పెంతెకొస్తు సెలవులు ఇస్తారు. ఆ సమయానికి మేమిద్దరం అక్కడికి చేరుకున్నాము. “నాన్నగారూ! ఈసారి రైళ్లు, హోటళ్లు వద్దు. ఇంటినే వెంట తీసుకొని వెళ్దాం” అన్నాడు అబ్బాయి. మరునాడు ఏడు మీటర్ల పొడవున్న తెల్లని వాహనం ఒకటి అద్దెకు తీసుకొని వచ్చాడు.

కారవాన్ అనగానే మనకు సినిమా చిత్రీకరణ జరిగే చోట నటీనటులు విశ్రమించే వాహనం గుర్తుకు వస్తుంది. యూరప్‌లో కారుకు తగిలించి లాగే బండిని కారవాన్ అనీ, ఇంజనుతో కలిసి ఉన్నదానిని మోటార్‌హోమ్ అనీ పిలుస్తారు. మాది రెండవ రకమే అయినా మేమందరం కారవాన్ అనే అన్నాము. డ్రైవరు తలపైన అటక వంటి పడక, వెనుక ఒకదానిపై ఒకటిగా రెండు పడకలు, రాత్రివేళ మంచంగా మారే భోజనపు బల్ల, రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, నీళ్ల తొట్టె, స్నానాల గది, మరుగుదొడ్డి - ఇన్నీ ఆ ఏడు మీటర్లలోనే ఇమిడి ఉన్నాయి.

ఇటువంటి వాహనం పుట్టుక వెనుక ఒక చక్కని కథ ఉన్నది. దక్షిణ జర్మనీలోని ఇస్నీ పట్టణంలో అరిస్ట్ డెత్లెఫ్స్ అనే వ్యాపారి ఉండేవాడు. పని మీద తరచు ఊళ్లు తిరగవలసి వచ్చేది. ఆయన పెండ్లాడబోయే ఫ్రిడెల్ ఎడెల్మన్ చిత్రకారిణి. ఆయనను విడిచి ఉండడం ఆమెకు ఇష్టం లేదు. తానూ వెంట వస్తాననీ, దారిలో బొమ్మలు వేసుకుంటాననీ కోరింది. అందుకని ఆయన 1931లో కారుకు తగిలించే ఒక చిన్న ఇంటిని నిర్మించాడు. జర్మనీలో కారవాన్‌కు అది తొలి రూపమని చెబుతారు. అయినవారిని విడిచి ఉండలేకపోవడమే ఆ నిర్మాణానికి ప్రేరణ.

అయితే చక్రాల మీద ఇల్లు యూరప్‌కు అంతకు ముందే తెలుసు. రోమా ప్రజలలో అనేకులు గుర్రపు బండ్లనే ఇళ్లుగా చేసుకొని తరతరాలు జీవించారు. వారి పూర్వులు భారతదేశం నుండి వలస వెళ్లినవారని భాషాశాస్త్రం నిరూపించింది. నేటికీ వారు నీటిని ‘పానీ’ అనే అంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు లక్షల సంఖ్యలో రోమా, సింతీ ప్రజలను చంపివేశారు. విహారానికి కదిలే ఇంటికి స్వాగతం లభించింది. బ్రతుకుతెరువుకు కదిలిన ఇంటికి అనుమానమే ఎదురైంది.

బయలుదేరే ముందు బండిని కాటా వేయించాలన్నాడు అబ్బాయి. అక్కడ సాధారణ కారు లైసెన్సుతో నడపగలిగే వాహనం బరువు, మనుషులతో సామానుతో కలిపి, 3,500 కిలోలు మించకూడదు. మించితే జరిమానా. కాటా మీద మా బండి 3,560 కిలోలు తూగింది. తొట్టెలోని నూరు లీటర్ల నీటిలో సగం వదిలివేశాము. దానితో 50 కిలోలు తగ్గినాయి. మిగిలిన పది కిలోల కోసం నా పుస్తకాల సంచి, బియ్యంలో కొంత దిగిపోయాయి. ఆవకాయ జాడీ మాత్రం దిగలేదు. దాని మీద మా ఆవిడ చేయి వేసి కూర్చున్నది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని మనసులో ఒక లెక్క మెదిలింది. నా బరువు 70 కిలోలు. నేను బండి నడపలేను, దారి చెప్పలేను, ఆ దేశపు భాష మాట్లాడలేను. ఈ బండిలో పనికిరాని బరువు ఏదైనా ఉంటే అది నేనే కదా అనిపించింది.

మొదటి మజిలీ డొనావెషింగెన్. అక్కడి రాజభవనపు తోటలో ఒక గుండ్రని రాతి తొట్టె ఉన్నది. దానిలో ఊరే నీటిని డాన్యూబ్ జన్మస్థానంగా గౌరవిస్తారు. బ్రిగాక్, బ్రెగ్ అనే రెండు సెలయేళ్లు ఆ ఊరిలోనే కలిసి డాన్యూబ్ అవుతాయి. అక్కడి నుండి ఆ నది సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి, పది దేశాలను స్పృశిస్తూ నల్ల సముద్రంలో కలుస్తుంది. “తాతయ్యా! మన గోదావరి ఇంతకంటే పెద్దదా?” అని అడిగింది పన్నెండేళ్ల మనుమరాలు. “పొడవులో సుమారు సగం. 1,465 కిలోమీటర్లు” అన్నాను. త్ర్యంబకంలో సన్నగా పుట్టి, మా ఊరి దగ్గర సముద్రంలా కనిపించే గోదావరిని గురించి చెబుతుంటే పిల్లలిద్దరూ చెవులు రిక్కించి విన్నారు. తల్లి నది పేరు పిల్లలకు తెలుసు. కాని దాని వెడల్పు వారు ఎరుగరు.

ఆ సాయంత్రం ఉల్మ్ నగరం చేరాము. అక్కడి చర్చి గోపురం ఎత్తు సుమారు 161.5 మీటర్లు. మేము చూసిన నాటికి ప్రపంచంలోని చర్చి గోపురాలలో అదే ఎత్తైనది. అదే సంవత్సరం అక్టోబరులో బార్సిలోనాలోని సగ్రదా ఫామిలియా దానిని మించింది. రాత్రి ఊరి వెలుపల క్యాంపింగ్ స్థలంలో బండి నిలిపాము. అక్కడ విద్యుత్తు, మంచినీరు, మురుగు పారబోసే చోటు అన్నీ ఉంటాయి.

కదిలే ఇంటిలో గోడలు ఉండవు, తెరలే ఉంటాయి. రాత్రి అందరూ నిద్రపోయారనుకొని అబ్బాయి భార్యతో గుసగుసగా మాట్లాడాడు. “నాన్న దిగులుగా ఉన్నారు. ఈ ఇరుకులో వాళ్లను తిప్పడం పొరపాటు చేశామేమో. రేపు తిరిగి వెళ్లిపోదామా?” అన్నాడు. “మామయ్యగారికి ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టడమే పొరపాటేమో” అన్నది కోడలు. నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నన్ను బరువుగా చూస్తున్నది వాళ్లు కాదు, నేనే.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. అబ్బాయి బండి బయటివైపున ఉన్న చిన్న తలుపు తెరిచి, మరుగుదొడ్డి కింద అమర్చిన పెట్టెను బయటకు లాగుతున్నాడు. ఆరుగురి మలమూత్రాలు చేరే పెట్టె అది. రోజుకొకసారైనా దానిని తీసుకొని వెళ్లి, కేటాయించిన చోట పారబోసి, కడిగి తీసుకొని రావాలి. నేనూ వాడి వెంట నడిచాను. అక్కడ నలుగురైదుగురు ఇటువంటి పెట్టెలే పట్టుకొని వరుసలో నిలబడి ఉన్నారు. అందులో నా వయసు వారూ ఉన్నారు, మా అబ్బాయి వయసు స్త్రీ ఒకరు ఉన్నారు. ఒకరికొకరు శుభోదయం చెప్పుకుంటున్నారు. వారిలో ఎవరు ఏ ఉద్యోగం చేస్తారో ముఖాలు చూసి చెప్పడం సాధ్యం కాలేదు. ఎవరి పెట్టె వారు మోసుకొని వచ్చారు. అంతే.

నేను ముప్ఫై ఏళ్లు పాఠశాలలో పాఠాలు చెప్పాను. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో గాంధీజీ చీపురు పట్టుకొని మరుగుదొడ్డి శుభ్రం చేసిన సంగతి ఏటేటా పిల్లలకు చెప్పాను. కాని ఆ పని నేను ఒక్కనాడూ చేయలేదు. నా బాల్యంలో మా వీధి వెనుక సందులోకి ఒక స్త్రీ తట్ట, చీపురు పట్టుకొని వచ్చేది. ఆమె పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పనిని ఒక కులం తలమీద పెట్టి, ఆ మనిషినే అంటరానిదన్నాము. అటువంటి పని చేయించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. అయినా మురుగు గుంటలలో దిగి ప్రాణాలు కోల్పోయిన కార్మికుల వార్తలు నేటికీ చదువుతూనే ఉన్నాము.

“ఆ పెట్టె ఇటివ్వు” అన్నాను. అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. “మీరా నాన్నగారూ? వద్దు, నేనున్నానుగా!” అన్నాడు. “రేపటి నుండి ఈ పని నాది. నువ్వు బండి నడుపు” అన్నాను. వాడు కొంచెంసేపు నా ముఖంలోకి చూసి, పెట్టె పిడిని నా చేతికిచ్చాడు. దుర్వాసన వచ్చింది. చేతులు వణికాయి. కడిగి తిరిగి తెచ్చేసరికి మా ఆవిడ బండి మెట్టు మీద నిలబడి ఉన్నది. “ఇంటి దగ్గర కాఫీ గ్లాసు కడగని మనిషి!” అన్నది. ఆమె ఎగతాళి చేస్తున్నదో, సంతోషిస్తున్నదో నాకు తెలియలేదు.

ఆమెకూ తన కష్టం తనకున్నది. మోకాళ్ల నొప్పితో ఆ మెట్టు ఎక్కడమే ప్రయాస. రెండవ నాడు ఆమె బియ్యం మూడుసార్లు కడిగేసరికి తొట్టెలో నీరు సగానికి దిగింది. “అత్తయ్యగారూ! నీళ్లు కాస్త చూసి వాడాలండీ” అన్నది కోడలు మెల్లగా. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ పూట ఇద్దరి మధ్య మాట లేదు. సాయంత్రం ఆమె చిన్నతనపు సంగతి ఒకటి చెప్పింది. ఆమె పుట్టిన పల్లెలో మంచినీటి బావి ఊరి చివర ఉండేది. బిందెడు నీళ్లతో ఇల్లంతా ఒక పూట గడిపేవారట. మరునాటి నుండి నీళ్ల లెక్క తన చేతిలోకి తీసుకున్నది. బియ్యం కడిగిన నీటితో గిన్నెలు తొలిచి, చెంబు లెక్కన అందరికీ కొలిచి ఇచ్చింది. అప్పటి నుండి తొట్టె ఎన్నడూ మధ్యలో ఖాళీ కాలేదు. ఇరుకు వంటింటిలో ఇద్దరు నిలబడే చోటు లేదు గనుక ఉదయం వంట కోడలిది, సాయంత్రం వంట అత్తగారిది అయింది.

పస్సావ్ పట్టణంలో మూడు నదులు కలుస్తాయి. ఆల్ప్స్ మంచుకొండల నుండి వచ్చే ఇన్ నది లేత ఆకుపచ్చ రంగులోనూ, చిత్తడి నేలల గుండా వచ్చే ఇల్జ్ నది నల్లగానూ ఉంటాయి. డాన్యూబ్‌తో కలిసిన తరువాత కూడా కొంతదూరం మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. నగర భవనపు గోడ మీద వరదల గుర్తులు గీసి ఉన్నాయి. 2013 జూన్ వరద అక్కడ 12.89 మీటర్ల మట్టానికి చేరింది. 1501 తరువాత అంతటి వరద రాలేదట. ఆ గీతను చూడగానే 1986 ఆగస్టు నాటి గోదావరి వరద నా కళ్లముందు మెదిలింది. మనుమరాలు గోడ మీది జర్మన్ రాతలు చదివి తెలుగులో చెప్పింది. నేను మా వరద కథ చెప్పాను. ఆమె నాకు ఆ దేశపు నాలుక అయింది. నేను ఆమెకు తన సొంత నది జ్ఞాపకమైనాను.

వియన్నా దాటి స్లొవేకియాలోకి ప్రవేశించినప్పుడు మమ్మల్ని ఎవరూ ఆపలేదు. మొరావా నది డాన్యూబ్‌లో కలిసే చోట దెవీన్ కోట ఉన్నది. 1989 వరకు ఆ తీరమంతా ముళ్లకంచె. నది దాటి స్వేచ్ఛకై పారిపోబోయి చనిపోయిన వారికి అక్కడ స్మారకం కట్టారు. 2007 డిసెంబరులో స్లొవేకియా, హంగరీలు షెంగెన్ ఒప్పందం అమలులోకి చేరిన తరువాత ఆ సరిహద్దులలో తనిఖీలు తొలగిపోయాయి. అయితే అడ్డు తీసినంత మాత్రాన అది శాశ్వతంగా పోయినట్లు కాదు. జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నింటి వద్ద తనిఖీలు మొదలుపెట్టింది. బుడాపెస్ట్ చూసి తిరిగి వస్తుండగా జర్మనీ సరిహద్దులో అధికారి మా పాస్‌పోర్టులు అడిగి చూశాడు. “మీరందరూ ఒకే కుటుంబమా?” అన్నాడు. మనుమరాలు జవాబు చెప్పింది. “ఏమన్నావమ్మా?” అని అడిగాను. “అవును, ఇది మా ఇల్లు అన్నాను తాతయ్యా” అన్నది.

పన్నెండవ నాడు బండిని అప్పగించాము. అప్పగించే ముందు చివరిసారి పెట్టెను కడిగి యథాస్థానంలో పెట్టాను. కాటా మీద నిలబడిన నాటికీ నేటికీ నా బరువులో మార్పు లేదు. దానిని నేను చూసే చూపు మాత్రం మారింది.

రాజమహేంద్రవరం తిరిగి వచ్చిన తరువాత మా ఇంటి మరుగుదొడ్డి నేనే కడుగుతున్నాను. పనికి వచ్చే అమ్మాయి మొదట కంగారుపడింది. తన పనికి కోత పడుతుందని భయపడింది. జీతంలో పైసా తగ్గదని చెప్పాను. అప్పుడామె పేరు అడిగాను. మూడేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషి పేరు అదే మొదటిసారి అడగడం.

ప్రశ్నలు

1. కాటా వేసిన సందర్భంలో రచయిత మనసులో మెదిలిన లెక్క ఏమిటి? అది ఎట్లా మారింది?
2. “ఎవరి పెట్టె వారు మోసుకొని వచ్చారు” - ఈ వాక్యంలోని అంతరార్థాన్ని వివరించండి.
3. నీటి వాడకం విషయంలో అత్తాకోడళ్ల మధ్య వచ్చిన సమస్య ఎట్లా పరిష్కారమైంది?
4. డాన్యూబ్, గోదావరి నదులను రచయిత ఏయే సందర్భాలలో పోల్చాడు?
5. పాఠం చివరి సంఘటన ద్వారా మీరు గ్రహించినదేమిటి? మీ ఇంటి అనుభవంతో పోల్చి వ్రాయండి.