రోగశేషము మిగుల్చరాదు: మలేరియా పోరాటము నేర్పిన పాఠములు

ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును మిగుల్చరాదని మన పెద్దలు చెప్పుదురు. తీర్చక విడిచిన అప్పు వడ్డీతో పెరుగును. ఆర్పక విడిచిన నిప్పు గాలికి రాజుకొనును. రోగశేషము కూడ అట్టిదే. తగ్గినదని తలచి అశ్రద్ధ చేసిన జబ్బు మరల తల యెత్తును. ఈ సత్యమును మన దేశమునకు మిక్కిలి కఠినముగా బోధించిన వ్యాధి మలేరియా.

మలేరియాపై జరిగిన పోరాటములో గొప్ప విజయములు కలవు. గొప్ప ఓటములును కలవు. ఏ పొరపాటు వలన ఓడితిమో తెలిసికొని, దానిని దిద్దుకొనిన ప్రతిసారియు మనము మరల ముందడుగు వేసితిమి. ఆ చరిత్రయందు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకును, దాని రాజధాని యగు రాయపూరునకును ముఖ్యస్థానము కలదు. తెలుగువారికి రాయపూరు దూరపు ఊరు కాదు. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఉద్యోగములకును, వ్యాపారములకును పోయి అచట స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అదిగాక ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమగు బస్తరు ప్రాంతము తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములను ఆనుకొని యున్నది. అచటి కూలీలు ఏటేట మిరపకోతలకు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలకు వచ్చుచుందురు. దోమకు రాష్ట్రముల యెల్లలు తెలియవు. కావున అచటి అనుభవము మనకును పాఠమే.

వ్యాధి స్వరూపము

మన పల్లెలలో దీనిని చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు పిలుచుచుండిరి. మొదట వణకు పుట్టును; పిమ్మట తీవ్రమైన జ్వరము వచ్చును; చివరకు చెమట పట్టి జ్వరము దిగును. పలుమారు వచ్చినచో రక్తము క్షీణించును, ప్లీహము పెరుగును. దీనినే కడుపులో బల్ల పెరిగినదందురు.

దీనికి కారణము కంటికి కనబడని ఒక పరాన్నజీవి. వ్యాధిగ్రస్తుని రక్తమును పీల్చిన ఆడ అనాఫిలిస్ దోమ కొన్ని దినముల తరువాత వేరొకరిని కుట్టినపుడు ఈ జీవి వారి దేహమున ప్రవేశించును. మన దేశమున ముఖ్యముగా రెండు రకములు కలవు. ఫాల్సిపారమ్ అను రకము మెదడునకు సోకి ప్రాణాపాయము కలిగింపవచ్చును. వైవాక్స్ అను రకము కాలేయమున దాగి, వారములకో నెలలకో మరల జ్వరము పుట్టించును.

సికిందరాబాదులో దిద్దుకొనిన పొరపాటు

దోమ ద్వారా మలేరియా వ్యాపించునను సత్యము తెలుగునాటనే వెలువడినది. దానిని కనుగొనిన రోనాల్డ్ రాస్ మొదట అనేక పొరపాట్లు చేసెను. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో మలేరియా జీవిని చూచెను. రాస్ దానిని చాలకాలము నమ్మలేదు. 1894లో లండనులో మాన్సన్ అను వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూపిన పిదప తన అభిప్రాయమును మార్చుకొనెను.

1895లో సికిందరాబాదునకు వచ్చి పరిశోధన ఆరంభించెను. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుట వలన వ్యాధి వచ్చునేమో యని మొదట ఊహించెను. పరీక్షలలో ఆ యూహ నిలువలేదు. పిమ్మట దోమలను కోసి చూడసాగెను. అతడు చూచినవి మలేరియాను మోయని జాతి దోమలు. అందువలన ఎన్నిటిని కోసినను ఫలము దక్కలేదు. తన పద్ధతిని మార్చి, రెక్కలపై మచ్చలు గల వేరొక జాతి దోమలను తెప్పించి, హుస్సేన్ ఖాన్ అను రోగిని కుట్టించి పరీక్షించెను. 1897 ఆగష్టు 20వ తేదీన ఆ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా జీవి కనబడెను.

అంతలోనే రాజపుతానాకు బదిలీయై అతని పని ఆగిపోయెను. 1898లో కలకత్తాకు వచ్చిన పిమ్మట పక్షుల మలేరియాను ఆధారముగా చేసికొని, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరుటను నిరూపించెను. మనుష్యులకు సంక్రమించు విధమును అదే కాలమున ఇటలీలో గ్రాసీ మున్నగువారు స్థాపించిరి. 1902లో రాస్‌నకు నోబెలు బహుమానము లభించెను. తాను నమ్మిన యూహను పరీక్షకు లోబరచుట, అది నిలువనప్పుడు విడిచిపెట్టుట, ఆటంకము కలిగినపుడు వేరొక దారి వెదకుట అను మూడు గుణములు అతనికి విజయము నిచ్చినవి.

ఇల్లు అలుకగానే పండుగ కాదు

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా సోకుచుండెననియు, సుమారు 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమైనది. మనుష్యుని కుట్టిన దోమ గోడపై వ్రాలి విశ్రమించును గనుక ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి. ఫలితము అద్భుతముగా నుండుటచే 1958లో దీనినే నిర్మూలన పథకముగా మార్చిరి. 1961లో నమోదైన కేసులు సుమారు 50 వేలు మాత్రమే. 1965లో మలేరియా మరణము ఒక్కటియు నమోదు కాలేదు.

వ్యాధి పోయినదని అందరును తలచిరి. కాని 1976లో కేసులు 64 లక్షలు మించినవి. కారణము లనేకములు. దోమలు డి.డి.టి.ని తట్టుకొను శక్తిని పొందినవి. మందులు చాలినంతగా సకాలమున అందలేదు. సాధారణ ఆరోగ్యశాఖ పల్లెలలో నిలదొక్కుకొనక మునుపే మలేరియా సిబ్బంది పనిని అనేక తావుల ముగించిరి. రక్తపు నమూనాల పరీక్ష ఆలస్యమయ్యెను. పట్టణములలోని దోమలను చాలకాలము ఉపేక్షించిరి. 1973లో అస్సాములో క్లోరోక్విన్ మందునకు లొంగని ఫాల్సిపారమ్ కనబడెను. ప్రజలవైపునను లోపము లేకపోలేదు. మందు చల్లిన గోడలను కొందరు వెంటనే మట్టితోను, పేడతోను అలికిరి. దానితో మందు పూత క్రింద కప్పబడి నిష్ఫలమయ్యెను. ఇల్లు అలుకగానే పండుగ కాదను సామెత ఇచట రెండర్థములలోను సత్యమైనది.

ఇట్టి అనుభవము మనకొక్కరికే కాదు. శ్రీలంకలో 1963లో కేవలము 17 కేసులు నమోదు కాగా, జాగ్రత్త సడలుటచే 1968-69 నాటికి లక్షలకొలది జనులు జ్వరపీడితులైరి. ఆ దేశము నిరాశ చెందలేదు. పనిని విడువక సాగించి, 2016లో మలేరియా రహిత దేశముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందెను.

మన దేశమున 1977లో పథకమును సవరించిరి. నిర్మూలన మాటను ప్రక్కన బెట్టి, మరణములను ఆపుట, వ్యాధి యధికముగా నున్న గ్రామములలో మందు చల్లుట, పల్లెలలోనే జ్వర చికిత్సకు ఏర్పాటు చేయుట అను పనులను ముందుకు తెచ్చిరి. 1984 నాటికి కేసులు సుమారు 22 లక్షలకు తగ్గినవి.

రాయపూరు నుండి నడచిన ప్రయత్నము

2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. అడవులు దట్టముగా నుండి, పల్లెలు దూరదూరముగా చెదరియుండుటచే వైద్యుడు చేరుటకు కష్టమైన ప్రాంతము లచట అధికము. గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకము దేశమున 1977లోనే ఆరంభమైనది. కాని నాడు ఎన్నికైనవారిలో పురుషులే అధికము. ఎన్నికలో ఊరి పెద్దల పలుకుబడియే చాలచోట్ల చెల్లెను. కాలక్రమమున ఆ పథకము నీరసించెను.

ఈ లోపములను గమనించి, 2002లో రాయపూరు కేంద్రముగా క్రొత్త ప్రయత్నమును ఆరంభించిరి. గ్రామమునకు ఒక్కరు గాక, గ్రామములోని ప్రతి పేటకు ఒక స్త్రీని అచటి జనులే ఎన్నుకొనునట్లు ఏర్పాటు చేసిరి. చదువు కొద్దిపాటిగా నున్నను అడ్డు చెప్పలేదు. ఆమెకు మితానిన్ అని పేరు. ఛత్తీస్‌గఢీ భాషలో మితానిన్ అనగా జీవితకాలపు స్నేహమునకు కట్టుబడిన నెచ్చెలి. ఇట్టివారు నేడు సుమారు 70 వేల మంది కలరు. 2005లో దేశమంతట ఆశా కార్యకర్తల వ్యవస్థ యేర్పడుటకు ఈ అనుభవము తోడ్పడినది.

వ్రేలి నుండి ఒక చుక్క రక్తము తీసి, కొద్ది నిమిషములలో మలేరియాను గుర్తించు పరీక్షను మితానిన్‌లు నేర్చుకొనిరి. పూర్వము రక్తపు నమూనా పట్టణమునకు పోయి ఫలితము వచ్చుసరికి దినములు, ఒక్కొక్కప్పుడు వారములు గడచుచుండెను. ఆ జాప్యము తొలగినది.

అయినను బస్తరులో వ్యాధి వదలలేదు. జ్వరము వచ్చినవారినే పరీక్షించుట అంతవరకు వాడుక. ఇందులోనే ఒక లోపము దాగియున్నది. పలుమారు మలేరియా సోకినవారి దేహము కొంత ఓర్పు నలవరచుకొనును. వారికి జ్వరము రాకపోయినను రక్తమున వ్యాధిజీవి యుండును. దోమ దానిని ఇతరులకు మోయును. 2020 జనవరిలో ఆరంభమైన మలేరియా రహిత బస్తరు ఉద్యమములో ఇంటింటికి పోయి, జ్వరమున్నను లేకున్నను అందరిని పరీక్షించిరి. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షింపగా 64 వేలకు పైగా వ్యాధిగ్రస్తులు తేలిరి. వారిలో సగమునకు మించి ఏ లక్షణమును లేనివారు! మొదటి విడతలో నూటికి నాలుగున్నర దాటియున్న వ్యాధి నిష్పత్తి తరువాతి విడతలలో ఒకటికి లోపునకు దిగినది.

దేశమంతటను ఇట్టి మార్పే కనబడుచున్నది. 2015లో సుమారు 11 లక్షల 70 వేలుగా నున్న కేసులు 2023లో సుమారు 2 లక్షల 27 వేలకును, మరణములు 384 నుండి 83కును తగ్గినవి. 2030 నాటికి మలేరియాను నిర్మూలింపవలెనని జాతీయ లక్ష్యము. కాని 1965 నాటి అనుభవమును మరచినచో 1976 మరల రాగలదు. బస్తరు పల్లెలలో వ్యాధి యింకను సమసిపోలేదు.

మన యింట జరుగు పొరపాట్లు

దేశము చేసిన పొరపాట్లనే మనము మన యింటిలో చిన్న యెత్తున చేయుచుందుము. వానిని గుర్తించుట అవసరము.

1. జ్వరమును ఉపేక్షించుట. జ్వరము తగ్గించు బిళ్ళ మ్రింగి పనికి పోవుట అనేకుల యలవాటు. జ్వరము వచ్చిన దినముననే, లేదా మరునాటికైనను రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆశా కార్యకర్త వద్దను, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలోను ఈ పరీక్ష ఉచితము. ఒడలు తెలియకుండుట, మూర్ఛ, ఎడతెగని వాంతులు, ఆయాసము, పచ్చకామెర్లు కనబడినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. గర్భిణులయందును, పసిపిల్లలయందును అధిక జాగ్రత్త అవసరము.

2. మందును నడుమ మానుట. వైవాక్స్ రకమునకు మూడు దినములు క్లోరోక్విన్, పదునాలుగు దినములు ప్రిమాక్విన్ ఇత్తురు. మూడవనాటికే జ్వరము దిగుటచే అనేకులు మిగిలిన మందును గూటిలో పెట్టి మరచెదరు. కాలేయమున దాగిన జీవి చావక మరల లేచును. ఇదియే రోగశేషము. అయితే గర్భిణులకును, చిన్న శిశువులకును, రక్తమున పుట్టుకతో ఒక లోపము గల కొందరికిని ప్రిమాక్విన్ ఇవ్వరాదు. మందు వాడుచుండగా మూత్రము నల్లబడినచో దానిని ఆపి వెంటనే వైద్యునికి చూపవలెను. ఒకరికి ఇచ్చిన మందును వేరొకరు వాడరాదు.

3. దోమతెరను పెట్టెలో దాచుట. మందు పట్టించిన దోమతెరను ప్రతి రాత్రియు, ప్రతి ఋతువునందును వాడవలెను. చేని కావలికి పోవువారును, కోతలకు వలస పోవువారును దానిని వెంట గొనిపోవలెను.

4. నిలువనీటిని అశ్రద్ధ చేయుట. వారమున కొక దినము తొట్టెలను, కుండలను, కూలర్లను ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టవలెను. నీటితొట్టెలపై మూత యుంచవలెను. ఇంటిచుట్టు గుంతలను పూడ్చవలెను. మందు చల్లుటకు వచ్చినవారికి అన్ని గదులను చూపి, చల్లిన గోడలను కొంతకాలము అలుకకుండవలెను, సున్నము వేయకుండవలెను.

పొరపాటు జరిగినచో

మందు నడుమ మానినవారు సిగ్గుపడి దాచుట సహజము. మరల జ్వరము వచ్చినను, తిట్టుదురను భయముచే ఆరోగ్య కార్యకర్తకు చెప్పరు. చెప్పినను మందంతయు వాడితిమందురు. దానివలన వైద్యుడు మందు పనిచేయలేదని తలచి తప్పుదారిని పోవచ్చును. ఎన్ని దినములు వాడితిరో, ఎన్నడు మానితిరో ఉన్నదున్నట్లు చెప్పుటయే చికిత్సకు మొదటి మెట్టు. మరల రక్తపరీక్ష చేయించుకొని, చెప్పిన ప్రకారము మందును క్రొత్తగా ఆరంభించినచో నష్టమును పూడ్చుకొనవచ్చును.

ఇంటివారును రోగిని నిందింపరాదు. నిందించినచో అతడు రెండవమారు నిజము దాచును. మందు వేసికొను వేళను గుర్తుచేయుట, పంచాంగముపై దినమునకొక గీత గీయుట, ఖాళీయైన బిళ్ళల పట్టీని చూచుట మేలైన సహాయములు. కూలికి పోయి తిరిగి వచ్చినవారిని ఊరివారు వెలివేసినట్లు చూడక, రక్తపరీక్షకు తోడ్కొని పోవలెను.

రాస్ తన యూహ తప్పని ఒప్పుకొనకపోయినచో రెక్కలపై మచ్చలు గల దోమ అతని కంట పడకపోయెడిది. జ్వరము లేనివారికి వ్యాధి లేదను నమ్మకమును విడువకపోయినచో బస్తరులో వేలకొలది వ్యాధిగ్రస్తులు తెలియకయే యుండెడివారు. బయటపడిన పొరపాటును సరిదిద్దవచ్చును. దాచిన పొరపాటు దోమవలె ఇంటింటికి తిరుగును. నేడు మీ యింట సగము మిగిలిన మందుపట్టీ యున్నచో, దానిని తీసికొని మీ ఆశా కార్యకర్త వద్దకు పోయి, జరిగినది చెప్పుడు.