ప్లాస్టిక్ పైపు: అతుకు, చూడీ

బోరుకూ ట్యాంకుకూ వజూ కుళాయిలకూ దాతలు ఇచ్చే సొమ్ములో పైపుల వాటా చిన్నదే. అయితే లైను కారడం మొదలయ్యేది ఎక్కువగా అతుకు దగ్గరే. గోడలోని అతుకు పోతే టైల్సు పగలగొట్టాలి, మళ్లీ చందా అడగాలి. అందుకే ఈ సంచికలో ఈ పని గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. పని జరిగేటప్పుడు దాతల్లో ఒకరు దగ్గర నిలబడి చూడడానికి ఇవి పనికొస్తాయి.

అతికే సొల్యూషన్‌ను జిగురు అనుకుంటారు. నిజానికి అది పైపు పైపొరను మెత్తబరిచి, ఫిట్టింగుతో ఏకం చేస్తుంది. దుమ్ము, తడి, నూనె ఉన్నచోట ఆ కలయిక జరగదు. పైపును అడ్డంగా, నిటారుగా కోసి, అంచు గరుకు గీకి, పొడిగుడ్డతో తుడవాలి. సొల్యూషన్ లేకుండా దూర్చి చూస్తే ఫిట్టింగు లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య ఆగాలి. అంతకంటే వదులుగా ఉంటే ఆ ఫిట్టింగు వద్దు. పైపుకు నిండుగా, ఫిట్టింగు లోపల పలుచగా పూసి, పావు చుట్టు తిప్పుతూ చివరికంటా నెట్టి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. వేడినీళ్ల సీపీవీసీ పైపుకు దాని సొల్యూషనే వాడాలి. ఆ ఆవిరి మండే గుణం కలది, కాబట్టి దగ్గర బీడీ వెలిగించకూడదు.

కప్లింగు ఖర్చు మిగులుతుందని కొందరు పైపు కొనను మంట మీద కాల్చి వెడల్పు చేస్తారు. గోడ పలచబడి అక్కడే పగులుతుంది. మా దృష్టిలో అది పొదుపు కాదు.

చూడీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అర అంగుళం షెడ్యూల్ 40 పైపు గోడ 2.77 మి.మీ. మందం. చూడీ లోతు సుమారు 1.2 మి.మీ. కోశాక మిగిలేది ఎంతో చూడండి! అందుకే ఆ పైపుకు చూడీ కోయకూడదు. 3.73 మి.మీ. గోడ ఉన్న షెడ్యూల్ 80 పైపుకే కోయాలి, అప్పుడు కూడా అది తట్టుకునే ఒత్తిడి సగానికి తగ్గుతుంది. చూడీ అచ్చుగా వచ్చిన ఎమ్‌టీఏ, లోపల ఇత్తడి ఉన్న ఎఫ్‌టీఏ అతికించడమే మేలు. కుళాయి వచ్చేచోట ఇత్తడిదే వేయమనండి. ఇనుప చూడీని ప్లాస్టిక్ ఎఫ్‌టీఏలోకి బిగిస్తే అది చీలుతుంది.

టెఫ్లాన్ టేపు చూడీ తిరిగే వైపే రెండు మూడు చుట్లు చాలు. చేత్తో బిగిసినంత బిగించి, పానాతో ఇంకో చుట్టు, మహా అయితే రెండు. ఇనుప పైపులకు అలవాటుపడిన చేతులు ఇక్కడే పొరపడతాయి.

ప్లాస్టరింగుకు ముందు, ఒక రోజు ఆరనిచ్చాక, లైనులో గాలి పోయేలా నీరు నింపి పరీక్షించాలి. గాలి ఒత్తిడితో పరీక్షించనీయవద్దు, పైపు పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకు తగులుతాయి. ప్రతి అతుకు కింద చేయి పెట్టి చూడాలి. తడి తగిలితే పైన మళ్లీ సొల్యూషన్ పూసి లాభం లేదు. ఆ ముక్క కోసి తీసి, కొత్త ఫిట్టింగు వేయించాలి.