కరెంటును ఆపే పదార్థాలు – తడి చేసే కీడు

ఒక ఏడాది మీలాదున్నబీకి మేము ఆత్రేయపురంలో మా వీధిలో సీరియల్ బల్బులు కట్టాం. తీగ అతుకు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, షామియానా ఇనుప గుంజకు బిగించాం. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. గుంజ పట్టుకున్న పిల్లవాడికి షాక్ కొట్టింది. పక్కనే ఉన్న పెద్దాయన వెంటనే మెయిన్ ఆపారు. అల్హమ్‌దులిల్లాహ్, బిడ్డ దక్కాడు. "ప్లాస్టిక్ కరెంటును ఆపుతుందని పుస్తకంలో ఉంది కదా, మరి ఎందుకు కొట్టింది?" అని మర్నాడు పిల్లలు అడిగారు. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

రాగి, అల్యూమినియం వంటి లోహాలలో కొన్ని ఎలక్ట్రాన్లు పరమాణువులను విడిచి స్వేచ్ఛగా తిరుగుతాయి. అవి ఒక వైపుకు కదిలితే అదే కరెంటు. పింగాణీ, గాజు, రబ్బరు, ప్లాస్టిక్‌లలో ఎలక్ట్రాన్లు పరమాణువులను అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే వీటిని విద్యుత్ బంధకాలు అంటాం. అయితే ప్రతి బంధకానికీ ఒక హద్దు ఉంది. పొడి గాలి కూడా బంధకమే. కానీ ఒక సెంటీమీటరు ఎడానికి సుమారు 30,000 వోల్టులు దాటితే అదీ ఓడిపోయి నిప్పురవ్వ దూకుతుంది.

మన ఊళ్లో పూతరేకులు తీసే కుండ, కరెంటు స్తంభం మీది పింగాణీ రెండూ మట్టి బిడ్డలే. కానీ మామూలు కుండలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. నీళ్ల కుండ చెమర్చేది అందుకే. అటువంటి మట్టిని స్తంభం మీద పెడితే వానకు తడిసి కరెంటును వదిలేస్తుంది. పింగాణీ కోసం తెల్లని చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడి కలిపి 1200 డిగ్రీలకు పైగా కాలుస్తారు. ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన నున్నని మెరుపు పూత వేస్తారు.

దాని ఆకారం గమనించండి. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు ఉంటుంది. వాన పడినా గొడుగుల అడుగు భాగం చాలావరకు పొడిగా ఉంటుంది. పైగా కరెంటు ఉపరితలం మీదుగా పాకాలంటే వంపులన్నీ తిరిగి చాలా దూరం పోవాలి. వోల్టేజి పెరిగేకొద్దీ బిళ్లలు పెరుగుతాయి. 132 కేవీ లైనులో ఒక్కో దండకు సుమారు 9, 10 బిళ్లలుంటాయి.

వేసవి దుమ్ము ఈ బిళ్లల మీద పేరుకుంటుంది. తొలి చినుకులు దాన్ని కడగవు, తడుపుతాయి. తడి దుమ్ము మీదుగా కరెంటు పాకి లైను ట్రిప్ అవుతుంది. కుండపోత వాన ఆ దుమ్మును కడిగేస్తుంది. చిరుజల్లుకే కరెంటు పోవడానికి ఇదొక కారణం.

పింగాణీతో పాటు గట్టిపరచిన గాజు బిళ్లలూ వాడతారు. పగిలితే పొడిపొడిగా రాలిపోతాయి కాబట్టి లైన్‌మన్ కిందనుంచే గుర్తిస్తాడు. సిలికాన్ రబ్బరువి తేలిక, వాటిపై నీరు తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. నెల్లూరు సీమలో గూడూరు గనుల వల్ల పేరుపొందిన అభ్రకం వేడినీ తట్టుకుంటుంది. అందుకే ఇస్త్రీపెట్టెలో తీగను అభ్రకం పలకకు చుడతారు.

ట్రాన్స్‌ఫార్మర్ లోపల రాగి తీగకు కాగితం చుట్టి నూనెలో ముంచుతారు. తేమ గాలికి పూతరేకు మెత్తబడి పాడైనట్టే ఆ కాగితమూ తేమకు పాడవుతుంది. అందుకే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు సిలికా జెల్ గుళికల డబ్బా అమర్చుతారు. లోపలికి వెళ్లే గాలిలోని తేమను అవి పీల్చుకుంటాయి.

ఇక మా తప్పు సంగతి. ప్లాస్టిక్ కవరు ఓడిపోలేదు. దాని మడతల్లోంచి వాననీరు దిగి, అతుకు నుంచి గుంజకు దారి వేసింది. పదార్థం మంచిదైతే చాలదు, అది పొడిగా, పగుళ్లు లేకుండా ఉండాలి.

కాబట్టి అతుకులకు ఇన్సులేషన్ టేపే చుట్టండి, వాటిని వానకు తడవని చోట ఉంచండి. తీగలను ఇనుప గుంజలకు కట్టకండి. లైను దగ్గర కొబ్బరికాయలు దింపేటప్పుడు ఇనుప గడ వద్దు, పచ్చి వెదురూ వద్దు. ఇంట్లో, మసీదులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. తీగ తెగిపడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

ఆ రోజు మెయిన్ ఎక్కడుందో తెలిసినవారు పక్కనే ఉండబట్టి సరిపోయింది. మీ ఇంట్లో అది ఎక్కడుందో ఈ రాత్రే పిల్లలకు చూపించండి.